పొట్లంలో నాలుగు బిళ్ళలు: నొప్పి మందు చరిత్ర మనకెందుకు?

పోస్టు పెద్దది. తీరిగ్గా చదవండి. కుదిరితే ఇంట్లో పెద్దోళ్లకు చదివి వినిపించండి, ఎందుకంటే ఇది వాళ్ల గురించే.

మేం సింగరాయకొండ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలం. మాలో యానాదులున్నారు, ఎరుకలున్నారు, పడమటి నుంచి వచ్చిన సుగాలీలున్నారు. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్నాం. మా ఇళ్లల్లో చాలామంది చలికాలం పోయేసరికి ముఠాలు కట్టుకొని గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. పత్తి తీతలు, పొగాకు పనులు, రొయ్యల గుంటల పని కూడా చేస్తారు. పొద్దున ఎండెక్కక ముందు వంగిన నడుం సాయంత్రం దాకా లేవదు. చేతులు మంట, కళ్ళు మంట, రాత్రికి ఒళ్ళంతా సలుపు. అందుకే కోతలకు పోయే మూటలో బియ్యం, చింతపండుతో పాటు ఒక కాగితం పొట్లం కూడా ఉంటది. అందులో నొప్పి బిళ్ళలు.

మాలో ఒకరి అవ్వ దగ్గర అలాంటి పొట్లం చూశాం. నాలుగు రకాల బిళ్ళలు: ఒకటి తెల్లది గుండ్రంగా, ఒకటి పొడుగ్గా, ఒకటి పసుపు, ఒకటి గులాబీ రంగు. అట్ట లేదు, పేరు లేదు. "ఏం బిళ్ళలు అవ్వా ఇవి?" అంటే "నొప్పి బిళ్ళలు" అంది. "ఏది దేనికి?" అంటే "అన్నీ కలిపి వేసుకుంటేనే పని చేస్తయ్యిరా" అంది.

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. ఎందుకంటే సరిగ్గా అదే నెలలో మాకు ల్యాబులో ఒక మిశ్రమం ఇచ్చి, ఏ పదార్థానికా పదార్థం విడదీయమన్నారు.

ల్యాబులో ఏం చేశాం

ఇచ్చింది తెల్లపొడి. అందులో మూడున్నాయి: చక్కెర, ఆస్పిరిన్, ఇంకొకటి పేరు చెప్పని పదార్థం. చూపుకు మూడూ ఒకటే. అమెరికా కాలేజీల ల్యాబు పుస్తకాల్లో ఈ ప్రయోగాన్ని 'పానాసెటిన్' అనే పేరుతో చేయిస్తారు. అది బజార్లో దొరికే మందు కాదు, పాఠం కోసం పెట్టుకున్న పేరు.

ముందు పొడిని డైక్లోరోమీథేన్‌లో కలిపాం. చక్కెర అందులో కరగదు. వడపోస్తే కాగితం మీద చక్కెర మిగిలింది. ఒకటి విడిపోయింది.

కింద దిగిన ద్రవంలో రెండున్నాయి. దాన్ని సెపరేటింగ్ ఫన్నెల్‌లో పోసి, సోడియం బైకార్బొనేట్ నీళ్లు కలిపాం. అంటే మన వంట సోడా నీళ్లే. ఆస్పిరిన్ ఆమ్లం కాబట్టి సోడాతో కలిసి లవణంగా మారుతుంది. ఆ లవణం నీళ్లలోకి వచ్చేస్తుంది. ఇక్కడ బుసబుసా గ్యాస్ వస్తది, అది కార్బన్ డయాక్సైడ్. ఫన్నెల్‌ను ఊపేటప్పుడు మాటిమాటికీ తల తిప్పి గాలి వదలాలి. లేకపోతే మూత ఎగిరిపోద్ది. డైక్లోరోమీథేన్ నీళ్లకంటే బరువు కాబట్టి కింద ఉంటుంది, నీళ్లు పైన. కింది పొరను ఒక బీకర్‌లోకి, పై పొరను ఇంకో బీకర్‌లోకి దించాం.

పైన దిగిన సోడా నీళ్లకు కొంచెం కొంచెంగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే ఆస్పిరిన్ మళ్లీ తెల్లగా గడ్డకట్టి కిందకు దిగింది. ఐసులో పెట్టి, వడపోసి ఆరబెట్టాం. రెండోది విడిపోయింది.

మిగిలిన డైక్లోరోమీథేన్‌ను ఫ్యూమ్ హుడ్‌లో ఆవిరి చేశాక పేరు చెప్పని పదార్థం మిగిలింది. దాన్ని వేడినీళ్లలో కరిగించి చల్లారిస్తే పలకల్లా మెరిసే స్ఫటికాలు వచ్చాయి. అవి ఎంత వేడికి కరుగుతాయో చూశాం. 114 డిగ్రీల దగ్గర కరిగాయి. అంటే ఎసిటనిలైడ్. 135 దగ్గర కరిగి ఉంటే ఫెనాసెటిన్ అయ్యేది. ఆస్పిరిన్ కూడా దాదాపు 135 దగ్గరే కరుగుద్ది. కాబట్టి విడదీయకుండా కరిగే వేడి ఒక్కటే చూసి చెప్పాలంటే ఎవరైనా పొరపాటు పడతారు.

రికార్డులో రాసుకున్నాం, మార్కులు వచ్చాయి. కానీ ఎసిటనిలైడ్, ఫెనాసెటిన్ అనే ఈ రెండు పేర్ల వెనక ఎంత చరిత్ర ఉందో తర్వాత చదివి తెలుసుకున్నాం. అది మనుషుల నెత్తురు, మూత్రపిండాల చరిత్ర.

పొరపాటున పుట్టిన మందు

1886లో స్ట్రాస్‌బర్గ్‌లో ఆర్నాల్డ్ కాన్, పాల్ హెప్ అనే ఇద్దరు కుర్ర డాక్టర్లు ఒక రోగికి కడుపులో పురుగులు పోవడానికి నాఫ్తలీన్ ఇద్దామనుకున్నారు. అంటే మన కలరా ఉండల్లో వాడే పదార్థం. మందుల దుకాణం నుంచి వచ్చిన సీసాలో పదార్థం మారిపోయింది. పురుగులు పోలేదు గానీ జ్వరం దిగింది. సీసాలో ఉన్నది ఏంటా అని చూస్తే ఎసిటనిలైడ్. అప్పటిదాకా రంగుల పరిశ్రమలో వాడే పదార్థం. దాన్ని 'యాంటీఫెబ్రిన్' పేరుతో అమ్మారు. చవక, నొప్పికి జ్వరానికి రెండింటికీ పని చేసేది. కానీ వేసుకున్నవాళ్లలో కొందరికి పెదాలు, గోళ్లు నీలంగా మారేవి. నెత్తురు ఆక్సిజన్ మోయలేకపోయేది.

ఆ భయంతో బేయర్ కంపెనీ ఇంకోదాన్ని వెతికింది. రంగుల తయారీలో మిగిలిపోయే పారా నైట్రోఫినాల్ నుంచి ఫెనాసెటిన్ తయారుచేసి 1888లో బజార్లోకి తెచ్చింది. ఎసిటనిలైడ్ కంటే మెత్తటిదని పేరొచ్చింది.

ఆస్పిరిన్ దారి వేరు. విల్లో అనే చెట్టు బెరడు చేదు జ్వరం తగ్గిస్తుందని 1763లో ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లండు మతగురువు రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. పల్లెల్లో ఆ బెరడు వాడకం అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు నుంచే ఉంది. ఆ బెరడులోంచి 1828లో సాలిసిన్ విడదీశారు. 1838లో రఫేల్ పిరియా దాన్నుంచి సాలిసిలిక్ ఆమ్లం తీశాడు. అది కడుపును కాల్చేది. 1897లో బేయర్‌లో ఫెలిక్స్ హాఫ్‌మన్ దాన్ని మార్చి శుద్ధమైన ఆస్పిరిన్ చేశాడు, 1899లో అమ్మకానికి వచ్చింది. తనే ఆ పని చేయించానని ఆర్థర్ ఐకెన్‌గ్రున్ అనే యూదు శాస్త్రవేత్త 1949లో రాశాడు. నాజీల కాలంలో ఆయన్ని క్యాంపులో పెట్టారు. కనిపెట్టినవాడి పేరు చరిత్రలోంచి ఎలా జారిపోద్దో మనకు వేరే చెప్పక్కర్లేదు.

మన తెలుగువాళ్ల నొప్పి మందు కూడా అదే కాలానిది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. ఆ డబ్బులతోనే ఆంధ్రపత్రిక నడిచింది. అమృతాంజనంలో కర్పూరం, పుదీనా సత్తుతో పాటు గంధపూర తైలం ఉంటుంది. గంధపూర తైలమంటే మిథైల్ సాలిసిలేట్, అంటే ఆస్పిరిన్‌కు చుట్టమే.

మూడూ కలిపితే

ఆస్పిరిన్, ఫెనాసెటిన్, కెఫీన్. ఈ మూడింటినీ ఒకే బిళ్ళగా, ఒకే పొడిగా కలిపారు. ఇంగ్లీషు మొదటి అక్షరాలతో ఏపీసీ అనేవాళ్లు. సైన్యాల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో అదే. ఒకటికంటే మూడు మేలు కదా అన్నది లెక్క. సరిగ్గా మా అవ్వ చెప్పిన మాటే.

ఎవరు ఎక్కువ తిన్నారో చూడండి. స్వీడన్‌లో హుస్క్‌వర్నా అనే ఊళ్లో ఫ్యాక్టరీ కార్మికులు 1918 ఫ్లూ కాలంలో అలవాటైన ఫెనాసెటిన్ పొడిని దశాబ్దాల పాటు రోజూ వేసుకున్నారు. స్విట్జర్లాండ్‌లో గడియారాల ఫ్యాక్టరీల్లో చిన్న చిన్న పళ్లచక్రాలు బిగించే ఆడవాళ్లు తిన్నారు. ఆస్ట్రేలియాలో ఫ్యాక్టరీ ఆడవాళ్లు, ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్లు 'బెక్స్' పొడి టీతో పాటు తాగారు. కెఫీన్ ఉండడం వల్ల ఇంకో చిక్కు. వేసుకోవడం ఆపితే కెఫీన్ లేక తలనొప్పి వచ్చేది. తలనొప్పి వచ్చిందని మళ్లీ పొడి వేసుకునేవాళ్లు. ఎక్కడ చూసినా ఒకటే కథ: ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు, సెలవు లేనివాళ్లు, పని ఆగకూడదని మందు మింగినవాళ్లు.

1953లో స్విట్జర్లాండ్‌లో ష్పూలర్, జోలింగర్ అనే డాక్టర్లు ఈ మందులు ఎక్కువ కాలం వాడినవాళ్ల మూత్రపిండాలు పాడైపోవడాన్ని బయటపెట్టారు. ఆస్ట్రేలియాలో ప్రిసిల్లా కింకేడ్ స్మిత్ అనే డాక్టరమ్మ ఏళ్ల తరబడి దానిమీద పోరాడింది. అయినా ఎందుకు ఆలస్యమైంది? మందు కలిపి ఉంది కాబట్టి. ఆస్పిరినా? ఫెనాసెటినా? కెఫీనా? ఒక్కొక్కరి వంతున తప్పు ఇంకోదాని మీదకు నెట్టొచ్చు. క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ కూడా 1987లో 'ఫెనాసెటిన్ కలిసిన నొప్పి మందుల మిశ్రమాలు' క్యాన్సర్ కారకాలని పక్కాగా తేల్చింది. ఒక్క ఫెనాసెటిన్‌నే విడిగా ఆ జాబితాలో పెట్టింది 2012లో. మిశ్రమం దోషి అని తేలిన పాతికేళ్లకు అసలు దోషి పేరు విడిగా ఎక్కింది.

ఫెనాసెటిన్‌ను కెనడా 1973లో, బ్రిటన్ 1980లో, అమెరికా 1983లో తీసేశాయి. మన దేశంలో కూడా 1983 జులైలో కేంద్రం నిషేధించిన మందుల జాబితాలో అది ఉంది. అంటే మన తాతల కాలంలో, మన నాయనల చిన్నప్పుడు తలనొప్పి బిళ్ళ అంటే దీన్ని కలిపినది కూడా ఉండేది.

విడదీసినవాడు

ఈ చరిత్రలో మాకు బాగా నచ్చిన మనిషి జూలియస్ ఏక్సెల్‌రాడ్. న్యూయార్క్‌లో బీద యూదు కుటుంబం, వలస వచ్చినవాళ్లు. మెడికల్ కాలేజీలు సీటు ఇవ్వలేదు. ల్యాబులో టెక్నీషియన్‌గా చేరాడు. అమ్మోనియా సీసా పేలి ఒక కన్ను పోయింది. డాక్టరేట్ లేదు.

1940ల చివర ఆయన్ని బెర్నార్డ్ బ్రాడీ దగ్గరకు పంపారు. ప్రశ్న ఇది: ఎసిటనిలైడ్ వేసుకుంటే నెత్తురు ఎందుకు పాడవుతోంది? వాళ్లు చేసింది మనం ఫన్నెల్‌లో చేసిన పనే, కాకపోతే పదార్థం మనిషి నెత్తురు, మూత్రం. ద్రావణిలోకి లాగి, విడదీసి, కొలిచారు. 1948లో జవాబు దొరికింది. ఒంట్లోకి పోయిన ఎసిటనిలైడ్ రెండు దారులు పడుతుంది. కొంచెం అనిలీన్‌గా మారి నెత్తురును పాడుచేస్తుంది. ఎక్కువ భాగం ఇంకో పదార్థంగా మారి నొప్పి తగ్గిస్తుంది. ఆ ఇంకో పదార్థమే పారాసెటమాల్.

అంటే మేలు చేసేది వేరు, కీడు చేసేది వేరు. రెండూ ఒకే బిళ్ళలోంచి వస్తున్నాయి. అట్లయితే మేలు చేసేదాన్నే నేరుగా ఇవ్వొచ్చు కదా? అదే ఇప్పుడు మనం వేసుకునే పారాసెటమాల్. దాన్ని 1878 నాటికే హార్మన్ మోర్స్ తయారుచేశాడు గానీ, 70 ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 1950ల మధ్య నుంచి బజార్లోకి వచ్చింది. ఏక్సెల్‌రాడ్ ఆ తర్వాత డాక్టరేట్ చేశాడు, 1970లో వేరే పరిశోధనకు నోబెల్ తీసుకున్నాడు. సీటు ఇవ్వని వాళ్లు ఆ రోజు ఏమనుకున్నారో గానీ, మన పిల్లలు మాత్రం ఈ కథ గుర్తుపెట్టుకోవాలి.

ఇంకో సంగతి. మన చేతులు మండించే మిరపకాయ కూడా నొప్పి మందే. అందులో కాప్సైసిన్ మనకు వేడిని, నొప్పిని తెలిపే నరాల తలుపును తడుతుంది. ఆ తలుపును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ ఇచ్చారు. కాప్సైసిన్ పూతమందులు నరాల నొప్పికి వాడతారు. మన అమ్మలు కల్లాల్లో ఎర్రగా ఆరబోసే కాయలోనే ఈ శాస్త్రం ఉంది.

మన నేల మీద బిళ్ళ

1961లో పుట్టిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాద్‌లో మందుల ఫ్యాక్టరీ పెట్టింది. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. 1970 పేటెంట్ చట్టం మందు మీద కాకుండా తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చింది కాబట్టి, వేరే పద్ధతిలో అదే మందు చవగ్గా చేసే వీలు కలిగింది. అలా హైదరాబాద్ చుట్టూ కంపెనీలు లేచాయి, ప్రపంచానికి పారాసెటమాల్ పంపే ఫ్యాక్టరీలు వచ్చాయి. 2020 మార్చిలో కరోనా భయంతో పారాసెటమాల్ ఎగుమతిని కేంద్రం కట్టడి చేస్తే ఎన్నో దేశాలు కంగారుపడ్డాయి.

బిళ్ళ చవకైంది, అది మంచిదే. కానీ చవకైన బిళ్ళ పేరు లేకుండా పొట్లంలో పడి మన ఇంటికొస్తోంది. 1983లో కొన్ని కలిపిన మందులను, 2016లో 344 కలిపిన మందులను కేంద్రం నిషేధించింది. కంపెనీ కలిపితే చట్టం అడుగుతుంది. పొట్లంలో కలిపితే అడిగేవాళ్లెవరు?

ఆ పొట్లం తీసుకొని సర్కారు ఆసుపత్రిలో ఫార్మసిస్టు అక్కకు చూపించాం. ఒకటి పారాసెటమాల్, ఒకటి డైక్లోఫెనాక్ అయ్యుండొచ్చంది. మిగతా రెండూ అట్ట లేకుండా చెప్పలేనంది. డైక్లోఫెనాక్ లాంటి మందులు మూత్రపిండాలకు నెత్తురు పోవడాన్ని తగ్గిస్తాయి. నీళ్లు సరిగ్గా తాగకుండా మండుటెండలో పనిచేసి ఇవి వేసుకుంటే ముప్పు ఎక్కువ. మిరప కోతల ఎండ ఎలా ఉంటదో మీకు తెలుసు. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ వల్లే, ఆ కళేబరాలు తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై లక్షల్లో చచ్చిపోయాయి. 2006లో మన దేశం పశువులకు దాన్ని ఆపేసింది.

మన జిల్లాలో కిడ్నీ జబ్బుకు నొప్పి బిళ్ళ ఒక్కటే కారణమని మేం అనడం లేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, బీపీ, షుగర్ ఉన్నాయి. కానీ ఇప్పటికే కష్టంలో ఉన్న మూత్రపిండం మీద ఇంకో బరువు మనమే వేయడం ఎందుకు?

లేబుల్ మాట

ఈ పోస్టు రాస్తుంటే మాలో ఎరుకల తమ్ముడు ఒక మాటన్నాడు. సింగరాయకొండలో రైలెక్కి దక్షిణానికి పోతే కావలి, ఉత్తరానికి పోతే చీరాల దాటాక స్టూవర్టుపురం. రెండు చోట్లా బ్రిటిష్‌వాళ్ల కాలంలో మనవాళ్లను పెట్టిన సెటిల్‌మెంట్లు. స్టూవర్టుపురం 1913లో మొదలైంది. నేరస్త తెగల చట్టం 1871లో పుట్టింది, 1911 చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ చట్టం ఎవరు ఏం చేశారో విడదీసి చూడలేదు. తెగ మొత్తం మీద ఒకే లేబుల్ అంటించింది. "మనుషులకేమో చేయని తప్పుకి లేబుల్ అంటించారు. మనం మింగే బిళ్ళకేమో ఉండాల్సిన లేబుల్ చింపేసి ఇస్తున్నారు" అన్నాడు వాడు.

దీనికి మేం ఇంకేం కలపలేం. చెట్లు, వేళ్లు మనవాళ్లకు తెలిసినంత ఎవరికీ తెలియదు. శ్రీహరికోట అడవుల్లో యానాదులు ఏ వేరు ఎక్కడ దొరుకుతుందో చెప్పగలిగినవాళ్లు. ఏ వేరు దేనికో తెలియకుండా నోట్లో వేసుకోవడం వాళ్ల పద్ధతి కాదు. బిళ్ళ విషయంలో మాత్రం మనం ఆ పద్ధతి ఎందుకు వదిలేశాం?

అందుకే మీకు మా మాట: బిళ్ళలు అట్టతోనే అడగండి. అట్ట మీద మందు పేరు చదివి పెద్దోళ్లకు చెప్పండి. పారాసెటమాల్ జలుబు బిళ్ళలో ఉంటది, నొప్పి బిళ్ళలో ఉంటది, రెండూ వేసుకుంటే రెట్టింపు అవుద్ది. పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు, తిండి సరిగ్గా లేనివాళ్లకు, మందు తాగేవాళ్లకు అంతకంటే ముందే ముప్పు. నొప్పి రోజూ ఉంటే, కాళ్లు వాస్తే, మూత్రం తగ్గితే బిళ్ళ కాదు, సర్కారు ఆసుపత్రిలో రక్త పరీక్ష కావాలి.

మా అవ్వ ఈసారి కోతలకు పోతూ పొట్లం బదులు పారాసెటమాల్ అట్ట ఒకటి, రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి మూటలో పెట్టుకుంది. "ఇదొక్కటి పని చేస్తదంటరా?" అని అనుమానంగానే అడిగింది. చేస్తది అవ్వా, చేయకపోతే ఏది చేయలేదో మనకు తెలుస్తది అన్నాం.